చెప్పుకోవడం, చెప్పడం



ఏడేళ్ల కిందట ఒక మంగళవారం పొద్దున మా ఆఫీసులో అద్దాల గది తలుపు తట్టాను. చేతిలో మూడు కాగితాలున్నాయి. రాత్రి రెండింటిదాకా కూర్చుని రాసుకున్నవి. లోపల మా మేనేజరుగారు ఉన్నారు. మంచి మనిషి, ఎవరినీ పరుషంగా ఒక్క మాట అనేవారు కాదు. కూర్చుని కాగితం మడత విప్పాను. మొదటి వాక్యం చదవబోయి, గొంతు పెగలక కళ్లనీళ్లు పెట్టుకున్నాను. తరవాత ఇరవై నిమిషాలు ఏం మాట్లాడానో పూర్తిగా గుర్తులేదు. బడిలో పడ్డ చీవాట్లు, పొయ్యి మీద పెట్టి మరిచిపోయిన పాలగిన్నెలు, సమయానికి కట్టని కరెంటు బిల్లులు, నాకున్నది ఏడీహెచ్‌డీ అని మూడు నెలల ముందు డాక్టరుగారు చెప్పడం, అన్నీ కలగాపులగంగా ఆయన ముందు పోశాను. ఆయన మంచినీళ్లు ఇచ్చారు. ‘‘అయ్యో, మీరు చూడ్డానికి బాగానే ఉంటారు కదమ్మా’’ అన్నారు. ‘‘ఏం కంగారుపడకండి, నేను చూసుకుంటాను’’ అన్నారు.

అన్నట్టుగానే చూసుకున్నారు. పది రోజులు తిరగకుండా ఆడిటర్లతో మాట్లాడే పని నా దగ్గరనుంచి తీసేశారు. నెల గడిచాక నెలాఖరు క్లోజింగ్ కూడా ఇంకొకరికి ఇచ్చారు. ‘‘మీకు ఒత్తిడి తగ్గుతుందని’’ అన్నారు. ఆ రెండు పనులే నేను అందరికంటే బాగా చేసేవి. గడువు మెడ మీద ఉన్నప్పుడు నా బుర్ర పాదరసంలా పనిచేస్తుంది. ఎవరూ అడగని, ఎవరూ చూడని ఫైళ్లు నా బల్ల మీదికి వచ్చాయి. నాకు చేతకానిది సరిగ్గా ఆ పనే. ఏడాదిన్నర తిరిగేసరికి ఆ ఉద్యోగం మానేశాను.

ఆ గదిలో ఎక్కడ పొరపాటు జరిగిందో తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. తెలిశాక, మన భాష దాన్ని ఎప్పుడో చెప్పిపెట్టిందనిపించింది. తెలుగులో చెప్పడం వేరు, చెప్పుకోవడం వేరు. రైలు ఎన్నింటికో చెబుతాం. కష్టం చెప్పుకుంటాం. దేవుడికి చెప్పుకుంటాం, పెద్దలకు చెప్పుకుంటాం. చెప్పుకునే మనిషి కింద నిలబడి ఉంటుంది, వినే మనిషి పైన కూర్చుని ఉంటారు. విన్నాక ఏం చేయాలన్నది వారి దయ. నేను ఆ రోజు చెప్పుకున్నాను. ఆయన దయ చూపించారు. ఆ దయలో నా పని పోయింది.

నాలాంటివారిని ఇప్పుడు న్యూరోడైవర్జెంట్ అంటున్నారు. తెలుగులో స్థిరపడిన మాట ఇంకా లేదు. నాడీవైవిధ్యం అని కొందరు రాస్తున్నారు. న్యూరోడైవర్సిటీ అనే మాట 1990ల చివర్లో ఆటిజం ఉన్నవాళ్లు తమలో తాము చేసుకున్న చర్చల్లోంచి వచ్చింది. ఆస్ట్రేలియాలో జూడీ సింగర్ అనే ఆవిడ 1998లో తన పరిశోధన వ్యాసంలో దాన్ని వాడారు. ఆటిజం, ఏడీహెచ్‌డీ, అక్షరాలు కూడబలుక్కోవడమే కష్టమయ్యే డిస్లెక్సియా, చేతిరాత లొంగని డిస్‌గ్రాఫియా, వీటన్నిటికీ కలిపి ఆ గొడుగు పట్టారు. వీటిలో ఏదీ అంటుకునే జబ్బు కాదు, ఏదీ పెద్దయ్యాక కొత్తగా వచ్చేదీ కాదు. పుట్టుకతో వచ్చిన మెదడు తీరు అది.

ఈ మనుషులు మన ఇళ్లలో ఎప్పుడూ ఉన్నారు. వాళ్లను పిలిచే మాటలే వేరు. కుదురు లేదు, ధ్యాస లేదు, ఒట్టి పరధ్యానం, ముభావి, పట్టిన పట్టు విడవడు, తిక్క మనిషి, నలుగురిలో కలవదు. ఈ మాటలు విని పెరిగినవాళ్లకు నలభయ్యో ఏట ఒక డాక్టరు వేరే మాట చెబుతారు. అప్పటికి ఉద్యోగంలో పదిహేనేళ్లు గడిచి ఉంటాయి.

నా విషయంలో అది మా అబ్బాయి ద్వారా వచ్చింది. వాడు రెండో తరగతిలో ఉండగా బడివాళ్లు పరీక్ష చేయించమన్నారు. సైకాలజిస్టు ఇచ్చిన ప్రశ్నల కాగితం నింపుతున్నాను. వస్తువులు తరచూ పారేసుకుంటాడా? మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేస్తాడా? ఎదురుగా ఉండి పిలిచినా వినపడనట్టు ఉంటాడా? ఏడో ఎనిమిదో ప్రశ్న దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. కాగితం మీద ఉన్నది వాడు కాదు, నేను. చాలామంది తల్లులకూ తండ్రులకూ ఇలాగే బయటపడుతోందని తరవాత తెలిసింది. ఇంకో సంగతి. ఒకే మనిషికి ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ ఉన్నాయని రాయడానికి అమెరికా సైకియాట్రిస్టుల నిర్ధారణ గ్రంథం 2013 దాకా ఒప్పుకోలేదు. పెద్ద వయసులో ఇంతమందికి ఇప్పుడే ఎలా వచ్చిందని అడిగేవారికి జవాబులో కొంత ఇక్కడుంది. రాలేదు, కనపడింది.

నన్ను చూసిన సైకియాట్రిస్టు, పన్నెండేళ్ల లోపే ఈ లక్షణాలు ఉండేవని ఏదైనా ఆధారం కావాలన్నారు. పెద్దయ్యాక ఒత్తిడి వల్ల వచ్చే పరధ్యానాన్ని దీంతో కలపకూడదు కనక ఆ నియమం. తెనాలిలో అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ ఇనప్పెట్టె అడుగున పెళ్లిచీరల కింద నుంచి నా ప్రోగ్రెస్ కార్డులు తీసుకొచ్చింది. నాలుగో తరగతి కార్డులో ‘తెలివైన పిల్ల, నిర్లక్ష్యం ఎక్కువ’ అని ఎర్ర సిరాతో ఉంది. ఆరో తరగతిలో ‘ధ్యాస పెడితే ఫస్టు వస్తుంది’ అని ఉంది. అమ్మ కళ్లద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకుంటూ, ‘‘నేనూ అదే అనుకున్నానే. పెట్టడం లేదనుకున్నాను. పెట్టలేకపోతున్నావని అనుకోలేదు’’ అంది.

ఆడపిల్లల విషయంలో ఇలా కనపడకుండా పోవడం మరీ ఎక్కువ. మగపిల్లవాడు బెంచీలెక్కి దూకుతాడు, టీచరు పట్టుకుంటుంది. ఆడపిల్ల కిటికీ పక్కన బుద్ధిగా కూర్చుని ఉంటుంది, మనసు ఎక్కడో ఉంటుంది. ఎవరికీ ఇబ్బంది లేదు, ఎవరూ చూడరు.

ఏడీహెచ్‌డీని తెలుగులో అవధాన లోపం అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు అష్టావధానం సభ గుర్తొస్తుంది. అవధానం అంటే ఏకాగ్రత. ఎనిమిదిమంది పృచ్ఛకుల మధ్య కూర్చుని, సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి అన్నీ మనసులో పెట్టుకుని, పక్కన గంట ఎన్నిసార్లు మోగిందో కూడా లెక్కపెట్టే మనిషిని చూసి చప్పట్లు కొట్టిన జాతి మనది. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి దాన్ని జనంలోకి తెచ్చారు. అలాంటి జాతిలో పుట్టి, అవధానం లేనిదాన్ని అని అనిపించుకోవడం చిన్న బాధ కాదు. ఒకసారి సభలో కూర్చుని చూస్తుంటే ఒక సంగతి తట్టింది. అవధానిని అక్కడ ఎవరూ గాలికి వదిలెయ్యరు. పృచ్ఛకులు వరసలో వస్తారు. ఒకరు అడిగేటప్పుడు మరొకరు ఆగుతారు. అవధాని పాదం కట్టుకుంటుంటే సభ ఊపిరి బిగబట్టి ఉంటుంది. వరస లేకుండా మాటతో అడ్డు తగిలే హక్కు ఒక్క అప్రస్తుత ప్రసంగానికే ఉంది, అదీ ఒక్కరికే. మన ఆఫీసుల్లో ఎనిమిదిమందీ ఒకేసారి అడుగుతారు, అందరూ అప్రస్తుతమే మాట్లాడతారు, గంట ఆగకుండా మోగుతూనే ఉంటుంది. మహా అవధానికి కూడా వరస, నిశ్శబ్దం ఏర్పాటు చేసినవాళ్లం, నాలాంటి గుమస్తాకు చేయకూడదా?

పెద్ద వయసులో పేరు తెలిసినవాళ్ల ముందు వెంటనే నిలబడే ప్రశ్న, ఆఫీసులో చెప్పాలా వద్దా అన్నది. చెప్పకపోవడం అబద్ధం కాదని ముందుగా ఒక మాట. రక్తపోటు ఉందని, విడాకులయ్యాయని ఆఫీసుకు చెప్పని మనిషిని మనం అబద్ధాలకోరు అనం. ఇదీ అంతే. అయితే చెప్పకుండా ఉండడానికి కూడా ఖర్చుంది. పది గంటలసేపు మామూలు మనిషిలా కనపడ్డానికి పడే శ్రమ అది. ఎదుటివారి కళ్లలోకి ఎంతసేపు చూడాలో లెక్కపెట్టుకోవడం, నవ్వు ఎప్పుడు రావాలో గమనించుకోవడం, ట్యూబ్‌లైటు రొద చెవిలో గుచ్చుకుంటున్నా ముఖం చిట్లించకుండా కూర్చోవడం, మరిచిపోయిన పనిని ఎవరూ చూడకముందే రాత్రి ఇంట్లో పూర్తిచేయడం. కొన్నాళ్లు నేను మెట్రో దిగి ప్లాట్‌ఫాం బెంచీ మీద అరగంట కూర్చుంటేగాని ఇంటికి నడవలేకపోయేదాన్ని. పిల్లల ముందుకు ఖాళీ మనిషిని తీసుకెళ్లేదాన్ని. ఆ ఖర్చు ఎవరి జీతంలోంచీ కోత పడదు కాబట్టి ఎవరికీ కనపడదు.

అసలు చెప్పనవసరం లేకుండానే బతికిన ఒక మనిషి కథ ఉంది. డాక్టర్ లియో కానర్ 1943లో ఆటిజం మీద రాసిన ప్రసిద్ధ వ్యాసంలో పదకొండుమంది పిల్లల గురించి రాశారు. అందులో మొదటివాడు డొనాల్డ్ ట్రిప్లెట్. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం, ఫారెస్ట్ అనే చిన్న ఊరు. పుట్టింది 1933లో. చిన్నప్పుడు పిల్లవాణ్ణి సంస్థలో చేర్చి మరిచిపొమ్మని పెద్దలు సలహా ఇచ్చారు. తల్లిదండ్రులు కొంతకాలం అలా ఉంచి, మళ్లీ ఇంటికి తెచ్చుకున్నారు. ఆయన చదువుకున్నారు, కాలేజీకి వెళ్లారు, ఊళ్లోని బ్యాంకులో ఉద్యోగం చేశారు. ఒకటీ రెండూ కాదు, అరవై ఏళ్లకు పైగా. కారు నడిపారు, గోల్ఫ్ ఆడారు, ఒంటరిగా దేశాలు తిరిగొచ్చారు. 2023లో, 89 ఏళ్ల వయసులో పోయారు. ఊరి మనుషులకు తనకు నచ్చిన అంకెలు పేర్లుగా పెట్టేవారట, వాళ్లు ఆ అంకెలను ఏళ్ల తరబడి గుర్తుంచుకునేవారట.

ఈ కథ చదివి మురిసిపోయినవాళ్లలో నేనూ ఒకదాన్ని. అయితే చివరి సంగతి వదిలేసి చెబితే అన్యాయమవుతుంది. ఆ బ్యాంకు ఆయన తల్లి పుట్టింటివారిది. డొనాల్డ్ ఎవరికీ ఏదీ చెప్పాల్సిన పని పడలేదు. ఊరంతటికీ తెలుసు, కుటుంబానికి పరపతి ఉంది. మన ఊళ్లలో కూడా సర్వే నంబర్లన్నీ నోటికి చెప్పగల గుమస్తా, లెక్క తప్పని కొట్టు మనిషి ఉండేవాళ్లు. పెద్దింటివాడైతే ‘మహానుభావుడు’ అన్నారు, పేదింటివాడైతే ‘పిచ్చోడు’ అన్నారు. సొంత బ్యాంకు లేనివాళ్లకు దిక్కేమిటన్నదే అసలు ప్రశ్న. దానికి ఒక జవాబు చట్టం. ఇంకో జవాబు, మనం చెప్పే తీరు.

తీరు సంగతి నా రెండో ఉద్యోగంలో నేర్చుకున్నాను. చేరి మూడు నెలలయ్యాక, పని నాకూ నేను వాళ్లకూ తెలిశాక, మా పైఅధికారిని పావుగంట సమయం అడిగాను. ఆవిడ నాకంటే వయసులో చిన్న. ఈసారి ఒకే కాగితం, దాని మీద మూడు సంగతులు. నోటిమాటగా ఇచ్చిన పని నా దగ్గర జారిపోతుంది, మీటింగు అయ్యాక రెండు వరసల మెయిల్ పెడితే ఒక్కటీ జారదు. పొద్దున పదింటి నుంచి పన్నెండు దాకా చాట్ మూసేసి కూర్చుంటే రోజు పనిలో ముప్పాతిక అయిపోతుంది. నా కుర్చీ ప్యాంట్రీ తలుపుకు ఎదురుగా ఉంది, దాన్ని గోడ వైపు మార్చాలి. అంతే. ఏడీహెచ్‌డీ అన్న మాట లేదు, బాల్యం లేదు, కన్నీళ్లు లేవు. ఆవిడ ఒక్కటే ప్రశ్న అడిగారు. ‘‘ఆ రెండు గంటల్లో అర్జెంటుగా మీతో మాట్లాడాలంటే ఏం చేయాలండీ?’’ ‘‘ఫోన్ చేయండి, ఎత్తుతాను’’ అన్నాను. ‘‘సరే’’ అన్నారు. ఏడు నిమిషాల్లో బయటికొచ్చాను. కారిడార్‌లో నిలబడి, ఇంతేనా అనుకున్నాను. ఇంతదానికి నేను ఇరవై ఏళ్లు మోసిన బరువెంత!

ఆ కాగితమే నా దృష్టిలో చెప్పడం. నా బుర్ర ఎలా పనిచేస్తుంది, దానికి ఏం కావాలి, అది ఇస్తే మీకు వచ్చేదేమిటి. బండికి ఏ నూనె పోయాలో చెప్పినట్టు చెప్పడం.

రోగం పేరు చెప్పకుండానే ఇంత జరిగేటప్పుడు పేరెందుకని మీకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించింది, మొదటి అప్రైజల్ దాకా. అందులో నా పనికి మంచి మార్కులే పడ్డాయి. కింద ఒక వాక్యం ఉంది. టైమ్‌షీట్లు సమయానికి నింపదు, ఆసక్తి లోపించింది అని. ఆసక్తి అన్న మాట దగ్గర ఆగిపోయాను. అది నాలుగో తరగతి కార్డులోని ఎర్ర సిరా. అలవాటు మీద, స్వభావం మీద, నీతి మీద తీర్పు వచ్చినప్పుడు పేరు చెప్పక తప్పదు. లేకపోతే ఆ తీర్పే మన పేరవుతుంది. ఆ వారమే డాక్టరు ఇచ్చిన ఉత్తరం జతచేసి, పైఅధికారికీ హెచ్ఆర్‌కీ మెయిల్ పెట్టాను. ఈ సంగతి మీ ఇద్దరి దగ్గరే ఉండాలని రాశాను. టైమ్‌షీటుకు ప్రతి శుక్రవారం నాలుగింటికి క్యాలెండర్‌లో గుర్తు చేయాలని అడిగాను. అప్రైజల్ వాక్యం మార్చారు. ఆసక్తి పోయి, వారానికోసారి గుర్తుచేయడం అవసరం అని వచ్చింది. ఒక్క వాక్యమే, కాని అది కాగితం మీద నిజమయింది.

నోటితో మాట్లాడాక మెయిల్‌లో కూడా పెట్టడం ముఖ్యం. మేనేజర్లు మారతారు. కొత్తాయన వచ్చిన రోజున మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాల్సి రాకూడదు.

ఇంటర్వ్యూలోనే చెప్పాలా అని కుర్రవాళ్లు నన్ను అడుగుతుంటారు. ఇంటర్వ్యూకే ఏదైనా ఏర్పాటు కావాలంటే, ప్రశ్నలు రాతలో కావాలనో, కొంచెం ఎక్కువ సమయం కావాలనో ఉంటే, అడగండి. లేకపోతే ఆఫర్ లెటర్ చేతికొచ్చేదాకా తొందర లేదంటాను. మెమో వచ్చిన రోజున మొదటిసారి చెబితే సాకులా వినపడుతుంది, అది మన దురదృష్టం. అప్పుడైనా చెప్పడమే మేలు.

ఇక చట్టం. మన దేశంలో వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. అంతకుముందున్న 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. కొత్త చట్టంలో 21 ఉన్నాయి. ఆటిజం ఉంది. డిస్లెక్సియా, డిస్‌గ్రాఫియా వంటివి నిర్దిష్ట అభ్యసన వైకల్యం పేరుతో ఉన్నాయి. ఏడీహెచ్‌డీ పేరు ఆ జాబితాలో విడిగా లేదు. నాలాంటివాళ్లకు ఇది పెద్ద లోటు, దీన్ని సరిచేయాలని గట్టిగా అడగాల్సిన అవసరం ఉంది. ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌లో, ఆటిజం, అభ్యసన వైకల్యం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం, వీటితోపాటు బహుళ వైకల్యాలు ఉన్నవారికి కలిపి 1 శాతం ఉంది. దానికి కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. ఆటిజాన్ని కొలవడానికి మన దేశంలో వాడే ఇసా అనే కొలమానం తయారైంది ఎక్కడో కాదు, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలో.

ప్రైవేటు ఉద్యోగులకు ఉపయోగపడేది అదే చట్టంలోని 21వ సెక్షన్. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ఒకటి రాసి ప్రకటించాలి. 20మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ అయితే ఆ విధానంలో ఒక లయజన్ ఆఫీసరు నియామకం సంగతి కూడా ఉండాలని 2017 నిబంధనలు చెబుతున్నాయి. మా ఆఫీసులో ఆ అధికారి ఎవరని అడిగితే హెచ్ఆర్‌లో ఎవరికీ తెలియలేదు. నెల రోజులకు ఒకాయన పేరు చెప్పారు. తనకు ఆ బాధ్యత ఉందని ఆయనకే అప్పుడు తెలిసింది. అందుకని మీరు మీ గురించి చెప్పడానికి వెళ్లకముందే, మీ కంపెనీ విధానం కాగితం ఎక్కడుందో అడిగి చదవండి. అడగడానికి ఏ రోగమూ ఉండనక్కరలేదు.

ఒక తీర్పు కూడా గుర్తుంచుకోదగినది. రాస్తుంటే చెయ్యి బిగుసుకుపోయే ఇబ్బంది ఉన్న ఒక యువకుడు సివిల్ సర్వీసు పరీక్షకు సహాయకుణ్ణి, అంటే రాసిపెట్టే మనిషిని అడిగాడు. నీకు 40 శాతం వైకల్యం లేదు, ఇవ్వం అన్నారు. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ఇవ్వాల్సిందేనంది. ఆ 40 శాతం గీత రిజర్వేషన్ల వంటి వాటికి సంబంధించినది, మనిషి పని చేసుకోవడానికి కావలసిన సముచిత ఏర్పాటు ఆ గీత దగ్గర ఆగిపోదని ఆ తీర్పు సారాంశం. సముచిత ఏర్పాటు అంటే సంస్థ మీద మోయలేని భారం పడకుండా చేయగల మార్పు. గోడ వైపు కుర్చీ, రెండు వరసల మెయిల్ ఎవరికీ మోయలేని భారం కావు.

అమెరికాలో ఉన్న మా తమ్ముడి వరస కుర్రాడొకడున్నాడు. ఆటిజం అని ముప్పై రెండో ఏట తెలిసింది. అక్కడ 1990 నాటి చట్టం ప్రకారం, 15మంది, ఆపైన ఉద్యోగులున్న యజమాని ఇలాంటి ఏర్పాట్లు చేయాలి, వైద్య వివరాలు విడిగా గోప్యంగా ఉంచాలి. ఇవన్నీ వాడికి కంఠతా వచ్చు. అయినా రెండేళ్లు నోరు విప్పలేదు. వాడిది హెచ్-1బి వీసా. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. ‘‘అక్కా, చట్టం నా పక్కనే ఉంది. క్యాలెండర్ లేదు’’ అన్నాడు. చివరికి అడిగింది రొద వినపడని హెడ్‌ఫోన్లు, మీటింగు ఎజెండా ఒక రోజు ముందు. రెండూ ఇచ్చారు.

చీరల కొట్టులో తెల్లలైట్ల కింద పన్నెండు గంటలు నిలబడే అమ్మాయికి, ఫోన్‌లో యాప్ తప్ప పైఅధికారే లేని డెలివరీ కుర్రాడికి నేను ఇందాకటినుంచి చెబుతున్న వాటిలో చాలా పనికిరావు. వాళ్లలోనూ నాలాంటి బుర్రలున్నాయి. ఎవరికి చెప్పాలి వాళ్లు? ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అది లేకుండా ఈ మాటలు ముగించడం నాకు కష్టంగా ఉంది.

వింటున్నవారిలో నలుగురిమీద అధికారం ఉన్నవాళ్లు, మేనేజర్లు, హెడ్మాస్టర్లు, బ్రాంచి మేనేజర్లు ఉంటారు. మీతో ఒక మాట. రేపు మీ గదిలోకి ఒక మనిషి కాగితంతో వస్తే, దయచేసి ‘మీరు చూడ్డానికి బాగానే ఉన్నారే’ అనకండి. ఆ బాగా కనపడ్డానికి ఎంత ఖర్చయిందో ఆ మనిషికే తెలుసు. ‘నాకూ అన్నీ మరుపే, అందరికీ ఉండేదే’ అనకండి. ధైర్యం చెప్పడానికే అంటారు, వినేవారికి తలుపు మూసినట్టుంటుంది. వాళ్లు అడగకుండా ఏ పనీ తీసేయకండి. ‘మీకేం కావాలి?’ అని అడిగి, జవాబు రాసుకోండి. కన్నీళ్లు పెట్టుకుంటే మంచినీళ్లివ్వండి, రేపు మళ్లీ కూర్చుందామనండి. నా మొదటి మేనేజరుగారు ఆ ఒక్క మాట అని ఉంటే నేను మర్నాడు ఒకే కాగితంతో వచ్చి ఉండేదాన్నేమో. ఆ మనిషి చెప్పింది మీ గది గుమ్మం దాటకూడదన్నది మాత్రం అన్నిటికంటే ముందు. మన ఆఫీసుల్లో మంచి ఉద్దేశంతోనే రహస్యాలు పొక్కుతాయి. ‘పాపం, ఆవిడకు ఏదో ఉందట, కాస్త చూసుకోండి’ అని క్యాంటీన్‌లో ఒకరు అంటే చాలు, ఆ రోజు నుంచి ఆ మనిషి చేసే ప్రతి చిన్న తప్పూ ఆ ‘ఏదో’ ఖాతాలోకి వెళుతుంది.

మా ఆఫీసులో మీటింగు తరవాత రెండు వరసల మెయిల్ నాకోసం మొదలయింది. నాలుగు వారాలకు అది అందరికీ వెళ్లడం మొదలుపెట్టింది. కావాలని అడిగింది మిగతా ఐదుగురు. వాళ్లలో ఎవరికి ఏముందో నాకు తెలియదు, నేను అడగను.

కుర్చీ మార్చిన రోజు సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. ‘‘ఏమేవ్, ఆఫీసులో చెప్పుకున్నావా?’’ అంది. ‘‘చెప్పానమ్మా.’’ ‘‘ఏమన్నారు?’’ ‘‘గోడ వైపు కుర్చీ ఇచ్చారు.’’ అవతల కాసేపు చప్పుడు లేదు. తరవాత అమ్మ, ‘‘చిన్నప్పుడు లెక్కలు చేసుకునేటప్పుడు నువ్వు గోడ వైపు తిరిగి కూర్చునేదానివి. ఇంటికొచ్చినవాళ్లకు వీపు చూపిస్తావేమిటే అని నేనే నిన్ను ఇటు తిప్పి కూర్చోబెట్టేదాన్ని’’ అంది.